తపాలాలో వచ్చిన సంతకం

మా ఇంటికి మొదటిసారి వచ్చినవాళ్లు హాల్లో ఉన్న చెక్క బీరువా చూసి, అందులో వెండి సామానో పింగాణీ కప్పులో ఉంటాయనుకుంటారు. తలుపు తీస్తే వరసగా అట్టపెట్టెలు, వాటినిండా పేకముక్కలంత కార్డులు. ఒక్కో కార్డు మీద ఒక బేస్‌బాల్ ఆటగాడి బొమ్మ, బొమ్మ మీద అడ్డంగా అతని సంతకం. అన్నీ తొంభైలనాటివే. అమెరికాలో, అట్లాంటాకి దగ్గర్లోని ఈ కమ్మింగ్‌లో మా తెలుగువాళ్ల ఇళ్లలో ఈ పిచ్చి ఉన్న ఆడమనిషిని నేనొక్కదాన్నే అనుకుంటాను. "వీటి బదులు ఓ జత గాజులు చేయించుకోవచ్చుగా వదినా" అని ఒకావిడ మొహం మీదే అంది.

తొంభైల్లో ఈ కార్డుల్ని హద్దూ పద్దూ లేకుండా అచ్చేశారు. అందుకే ఉత్త కార్డును ఇవాళ ఎవరూ పట్టించుకోరు. సంతకం ఉంటేనే దానికి ప్రాణం, అదీ ఆ సంతకం అసలుదైతేనే. కాబట్టి ఈ సరదాలో సేకరించడం ఎంతో అనుమానించడం కూడా అంతే. ఇంకు అట్టలోకి ఎలా ఇంకింది, గీత ఎక్కడ వణికింది, కలం ఎక్కడ ఎత్తి మళ్లీ పెట్టారు అని భూతద్దం పట్టుకుని కూర్చుంటాను. గీత వణికితే చూసి దించారని అర్థం. సొంత సంతకం పెట్టేవాడు ఆలోచించడు, ఆగడు. ఈ చూపు నాకు ఉద్యోగం వల్ల వచ్చింది. అల్ఫారెట్టాలో ఒక ఆఫీసులో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాను. డెవలపర్ వచ్చి "అంతా పనిచేస్తోంది" అంటే నమ్మకపోవడానికే నాకు జీతమిస్తారు. సంతకాలు పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే కంపెనీలు ఉన్నాయి గానీ వాటికి నేనెప్పుడూ ఏదీ పంపలేదు. వాళ్ల మీదా నాకు నమ్మకం లేదు.

మొదటి కార్డు మాత్రం నేను కొన్నది కాదు, పరీక్షించిందీ కాదు.

పెళ్లయి ఈ దేశం వచ్చిన కొత్తలో అల్ఫారెట్టాలోనే ఒక అద్దె అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లం. నాది పని చేయడానికి వీల్లేని వీసా. కారు నడపడం రాదు. మా ఆయన పొద్దున వెళితే చీకటిపడే వేళకి వచ్చేవారు. వేసవంతా టీవీలో బేస్‌బాల్ వచ్చేది. మొదట్లో ఎవరు గెలుస్తున్నారో కూడా తెలిసేది కాదు. మెల్లగా ఒక ఎడమచేతివాటం పిచర్ కోసం ఎదురుచూడటం మొదలుపెట్టాను. పిచర్ అంటే బంతి విసిరేవాడు. ఇతనేం గొప్పవాడు కాదు, బంతిలో అంత వేగమూ లేదు. ఎవరైనా అతని బంతిని గ్యాలరీలోకి బాదితే, టోపీ తీసి, మోచేత్తో నుదురు తుడుచుకుని, ఏమీ జరగనట్టు మళ్లీ విసిరేవాడు. ఆ తుడుచుకోవడం నాకెందుకో నచ్చింది.

స్టేడియం అడ్రసుకి కార్డు పంపి, మన అడ్రసు రాసి స్టాంపు అంటించిన ఖాళీ కవరు కూడా లోపల పెడితే, ఆటగాళ్లు సంతకం చేసి తిప్పి పంపుతారని టీవీలో విన్నాను. మా ఆయన ఇక్కడి మందుల షాపుల్లో అమ్మే కార్డుల ప్యాకెట్లు తెచ్చేవారు. ఒకదాంట్లో మా ఎడమచేతి పిచర్ కార్డు వచ్చింది. డిక్షనరీ పక్కన పెట్టుకుని ఇంగ్లీషులో ఉత్తరం రాశాను. ఈ ఆట రూల్సు నాకు సరిగ్గా తెలియవనీ, దెబ్బ తిన్నాక మీరు మళ్లీ మొదలుపెట్టే తీరు బాగుంటుందనీ, నాకూ ఇక్కడ రోజూ అలాగే మొదలుపెట్టాల్సి వస్తోందనీ రాశాను. మా ఆయన ఆఫీసుకి వెళ్తూ పోస్టులో వేశారు. చలికాలం వచ్చాక కవరు తిరిగొచ్చింది. నీలం ఇంకుతో సంతకం. ఆ రోజు మా ఆయన్ని గుమ్మంలో నిలబెట్టి ఎన్నిసార్లు చూపించానో.

అప్పటినుంచి ఆ కార్డు గట్టి ప్లాస్టిక్ కవర్లో, పై అరలో ఉంది. మిగతా వందలాది సంతకాల్ని అనుమానించాను గానీ దాన్నెప్పుడూ భూతద్దం కింద పెట్టలేదు.

ఈమధ్య ఆన్‌లైన్‌లో మా కార్డుల గ్రూపులో అదే పిచర్ సంతకం ఉన్న ఇంకో కార్డు అమ్మకానికి వచ్చింది. అమ్మేది టెనెసీలో ఒక రిటైర్డ్ స్కూల్ టీచర్. కొన్నాను. వచ్చిన రోజు సాయంత్రం రెండు కార్డులూ వంటింటి బల్ల మీద పక్కపక్కన పెట్టాను.

రెండూ ఒకరి సంతకాలు కావు.

అతని ఇంటిపేరు ఇంగ్లీషులో వై అక్షరంతో ముగుస్తుంది. టీచర్ పంపిన కార్డు మీద ఆ వై తోక కత్తితో గీసినట్టు తిన్నగా కిందికి దిగిపోయింది. నా కార్డు మీద తోక కిందికి దిగి, ఎడమకి తిరిగి, చేపల గాలంలా చిన్న వంపు తిరిగి ఆగింది. తక్కిన అక్షరాల నడక కూడా వేరు.

నాకు ముందు టీచర్ మీదే కోపం వచ్చింది. మీరు అమ్మింది నకిలీ, నా దగ్గరున్న కార్డుతో కలవడం లేదు అని మెసేజ్ పెట్టాను. ఆయన మర్యాదగానే జవాబిచ్చాడు. "అమ్మా, ఆయన సంతకం పెడుతున్నప్పుడు నేను ఎదురుగా నిలబడి ఉన్నాను. తొంభైల్లో మాట, మైదానం కంచె ఇవతల నేను, అవతల ఆయన. మీ దగ్గరున్న రెండోది ఎక్కడిదో ఒకసారి చూసుకోండి."

ఆ చివరి వాక్యం ముల్లులా గుచ్చుకుంది. నాది ఎక్కడిదేమిటి? తపాలాలో వచ్చింది. తపాలా ఎవరు తెచ్చారు? మా ఆయన. అపార్ట్‌మెంట్ మెయిల్‌బాక్స్ తాళంచెవి ఆయన దగ్గరే ఉండేది. ఉత్తరం పోస్టు చేసింది ఆయన, కవరు ఇంటికి తెచ్చింది కూడా ఆయనే. మధ్యలో ఆ కార్డు నిజంగా స్టేడియందాకా వెళ్లిందనడానికి సాక్ష్యం ఏముంది? ఆ చలికాలం నేను ఎలా ఉండేదాన్నో నాకు గుర్తుంది. అన్నం వండి, తినకుండా పడుకునేదాన్ని. నన్ను సంతోషపెట్టడానికి మా ఆయనే నీలం పెన్ను తీసుకుని ఆ సంతకం గీకి ఉంటే?

ఒకసారి ఆ ఆలోచన వచ్చాక ఇంకేదీ కనిపించలేదు.

మర్నాడు ఆయన కాఫీ కలుపుతుంటే మామూలుగా అడిగినట్టు అడిగాను.

"అప్పట్లో అపార్ట్‌మెంట్‌లో మెయిల్ మీరే తెచ్చేవారు కదా?"

"ఆ. కీ నా దగ్గరే ఉండేది. ఏం?"

"ఆ బేస్‌బాల్ కవరు వచ్చిన రోజు గుర్తుందా?"

ఆయన చెంచా ఆపారు. "ఏ కవరు?"

ఆ ఆగడం నాకు నచ్చలేదు. నిజంగా మరిచిపోయినవాడు ఆగుతాడా? అబద్ధం వెతుక్కునేవాడు ఆగుతాడా? "ఏం లేదులెండి" అని వచ్చేశాను.

ఆ వారం తెలిసినవాళ్ల గృహప్రవేశం ఉంది. గిఫ్టుతో పాటు పెట్టే కార్డు ఎప్పుడూ నేనే రాస్తాను. ఈసారి ఆయన ముందు పెట్టి, "హ్యాపీ హౌస్‌వార్మింగ్ టు ఎ లవ్లీ ఫ్యామిలీ అని రాయండి" అన్నాను. వై అక్షరంతో ముగిసే మాటలు ఎక్కువ వచ్చేలా చూసుకున్నాను. ఆయన రాసిచ్చారు. కింది గదిలోకి తీసుకెళ్లి భూతద్దం పెట్టాను. మూడు వైలకీ తోక కింద వంపు ఉంది. గాలమా? గాలంలాగే ఉంది. కాదేమో, కొంచెం పెద్ద వంపు. పాతికేళ్లకి పైగా గడిచాక ఎవరి చెయ్యి మారదు గనక?

వెనకాల అడుగుల చప్పుడైంది.

"అందుకా నాచేత రాయించావ్?" అన్నారు. బల్ల మీద గృహప్రవేశం కార్డు, పక్కన నా మొదటి కార్డు, పైన దీపం. దాచడానికేం లేదు.

"అది మీరే సంతకం పెట్టారా?" అని అడిగేశాను.

ఆయన ఆ రెండు కార్డుల్నీ మార్చి మార్చి చూశారు. "నేనే పెట్టి ఉంటే ఏం? నీకోసమే కదా పెట్టుంటాను."

"అంటే పెట్టారా?"

"పెట్టలేదు."

"మరి 'పెట్టి ఉంటే' అని ఎందుకన్నారు?"

"నువ్వు అడిగావు కాబట్టి అన్నాను. కోర్టులో ఉన్నామా మనం?"

పైకి వెళ్లిపోయారు. ఆ సాయంత్రం గృహప్రవేశంలో అందరితో నవ్వుతూ మాట్లాడారు, నాతో మాట్లాడలేదు. కాలిఫోర్నియాలో, సన్నీవేల్‌లో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయికి ఫోన్‌లో చెప్తే, "అమ్మా, సీరియస్‌లీ? నువ్వు నాన్నని టెస్ట్ చేస్తున్నావ్. దట్స్ సో వియర్డ్. నాన్న ఫీల్ అయ్యాడు, నాకు తెలుసు" అంది. నాకూ తెలుసు. అయినా అనుమానం పోలేదు. పెట్టలేదని చెప్పినప్పుడు ఆయన నా కళ్లలోకి చూడలేదనే పాయింటు పట్టుకుని కూర్చున్నాను.

అలాంటప్పుడు, అట్లాంటాకి ఉత్తరాన హైవే పక్కనున్న ఒక హాల్లో కార్డుల ప్రదర్శన ఉందనీ, పాత ఆటగాళ్లు కొందరు వచ్చి సంతకాలు పెడతారనీ గ్రూపులో చూశాను. వాళ్లలో మా పిచర్ పేరుంది. వెళ్తానన్నాను. "నేను డ్రైవ్ చేస్తా" అన్నారు మా ఆయన. నిర్దోషి కాబట్టి వస్తున్నారా, అతను ఏం చెప్తాడో ముందే వినాలని వస్తున్నారా అని దారంతా ఆలోచించాను. అదీ నా పరిస్థితి.

హాలంతా మడత బల్లలు, ప్లాస్టిక్ పెట్టెలు, మొగవాళ్లు. చీర కట్టుకోకపోయినా అందరూ నన్నొకసారి తిరిగి చూశారు. మా పిచర్ ఓ మూల బల్ల వెనక కూర్చున్నాడు. లావయ్యాడు. కళ్లజోడు ముక్కు మీదికి జారింది. పక్కనే తెల్లజుట్టు కత్తిరించుకున్న ఒకామె, సంతకాల కోసం జనం కొనుక్కున్న టిక్కెట్లు తీసుకుంటోంది. అతని భార్యట. సంతకంతో పాటు పేరు కూడా రాయించుకునేవాళ్లు స్పెల్లింగ్ చెప్తే, ఆమె చిన్న పసుపుపచ్చ కాగితం మీద రాసి కార్డుకి అంటిస్తోంది, అతను చూసి రాసేందుకు. నేను తెచ్చిన, సంతకం లేని అతని కార్డుకి కూడా నా పేరు రాసి అంటించింది. మన పేర్లు వాళ్లకి కష్టం కదా, ఒక్కో అక్షరం చెప్పించుకుని శ్రద్ధగా రాసింది.

నా వంతు వచ్చింది. ముందు కొత్త కార్డు మీద సంతకం పెట్టాడు. నేను చేతినే చూస్తున్నాను. వై తోక కత్తిలా దిగింది. టీచర్ నాకు అబద్ధం చెప్పలేదన్నమాట. అప్పుడు బ్యాగులోంచి నా పాత కార్డు తీసి ముందు పెట్టాను.

"ఇది మీదేనా? చాలా ఏళ్ల కిందట తపాలాలో పంపారు."

కళ్లజోడు పైకి తోసుకుని చూశాడు. "నాదే" అన్నాడు. "కుర్రతనంలో ఓపిగ్గా పెట్టేవాణ్ణి. తర్వాత తర్వాత గీకడమే."

పక్కన భార్య, నా వెనకున్నవాళ్ల టిక్కెట్లు తీసుకోవడం ఆపి, ఆ కార్డునే చూస్తోంది. మా ఆయన నా భుజం తట్టి, "విన్నావుగా, పద" అన్నారు.

వినడమైతే విన్నాను. కుర్రతనంలో ఓపిగ్గా పెట్టేవాణ్ణంటున్నాడు, మరి టీచర్ కంచె దగ్గర పెట్టించుకున్నదీ ఆ ఏళ్లదే. అప్పుడు కత్తి, అప్పుడే గాలం ఎలా? ఎవరో ఆడమనిషి ఆశగా అడిగింది కదా అని అవుననేశాడా?

హాలు చివర కాఫీ అమ్మేచోట నిలబడి, కొత్త కార్డుని కవర్లో పెడదామని దానిమీది పసుపు కాగితం ఊడదీశాను. నా పేరు మధ్యలో ఒక వై ఉంది. దాని తోక కిందికి దిగి, ఎడమకి తిరిగి, చిన్న గాలంలా ఆగింది.

పాత కార్డు తీసి పక్కన పెట్టాను. భూతద్దం అక్కర్లేదు. మా ఆయనకి చూపించాను. ఆయన చూసి, "ఓ" అని మాత్రం అన్నారు.

తలెత్తేసరికి ఆమె మావైపే వస్తోంది. భర్త బల్ల దగ్గర ఎవరితోనో ఫోటో దిగుతున్నాడు.

"మీకు తెలిసిపోయింది" అంది నాతో, మెల్లగా.

నేను కాగితం ముందుకి చాపాను. ఆమె దాన్ని మడిచి జేబులో పెట్టుకుంది.

"సీజన్ అంతా ఆయన ఊళ్లు తిరిగేవారు. ఉత్తరాలు స్టేడియం నుంచి డబ్బాల్లో ఇంటికొచ్చేవి. ఆయన తెరిచేవారు కాదు. వాళ్లేమో స్టాంపులు కూడా అంటించి పంపేవాళ్లు. వాటిని గ్యారేజీలో చూస్తూ ఊరుకోలేకపోయాను. ఒకరోజు ఒకదాని మీద నేనే ఆయన సంతకం పెట్టేశాను. తర్వాత అలవాటైంది. ఇంట్లో నేనొక్కదాన్నే ఉండేదాన్ని, చేతికి పనుండేది."

"ఆయనకి తెలుసా?"

"అన్నీ తనే పెట్టాననుకుంటారు. కొన్ని పెట్టారు కూడా."

"నా ఉత్తరం మీరు చదివారా?" అని అడిగాను.

"చదివే ఉంటాను. అన్నీ చదివేదాన్ని" అంది. గుర్తుందని మాత్రం అనలేదు. అందుకే ఆమెని నమ్మాను. నమ్మానంటున్నానే గానీ, బల్ల దగ్గరికి వెళ్లబోతూ ఆమె నా చెయ్యి పట్టుకుని "ఇది ఎక్కడా రాయకండి, సరేనా? ఈ ప్రదర్శనలే ఆయనకి మిగిలిన సరదా" అన్నప్పుడు, ఇంతసేపూ చెప్పిందంతా ఈ ఒక్క మాట కోసమేనా అన్న అనుమానం కూడా లోపల ఒక మూల తల ఎత్తింది. నా బుద్ధి అంతే. సరేనన్నాను.

చెప్పొద్దూ, కోపం వచ్చింది. నేను ఒక ఆటగాడికి రాస్తే అతని పెళ్లాం జవాబిచ్చిందా అనిపించింది. కారు దాకా నడిచేసరికి ఆ కోపం వేరేలా మారింది. ఆ రోజుల్లో నా మాటలు అతను చదవలేదు సరే, ఇంకో ఊళ్లో, ఇంకో ఇంట్లో, మొగుడి రాక కోసం చూస్తున్న ఇంకో ఆడమనిషి చదివింది. అతను చదివి ఉంటే నవ్వుకునేవాడేమో. ఆమె నవ్వి ఉండదు.

హైవే ఎక్కాక మా ఆయన అన్నారు, "నా మీద కేసు కొట్టేసినట్టేనా?"

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. రోడ్డు మీదే చూపు ఉంచి మళ్లీ అడిగారు. "నిజం చెప్పు. ఇన్నేళ్లలో నాకు ఇలాంటి టెస్టులు ఇంకెన్ని పెట్టావ్?"

పెట్టలేదని చెప్తే అబద్ధమవుతుంది. చిన్నవే అనుకోండి, ఆఫీసు నుంచి లేటుగా వచ్చినప్పుడు, మా అత్తగారితో ఫోన్ మాట్లాడి గది తలుపు వేసుకున్నప్పుడు. ప్రతిసారీ ఆయన పాసయ్యారు. పాసయ్యారని ఒక్కసారీ నేను చెప్పలేదు, పరీక్ష పెట్టినట్టు ఆయనకి తెలియదని అనుకున్నాను కాబట్టి. ఆ రోజు అర్థమైంది, చాలావాటి సంగతి ఆయనకి తెలుసని.

"సారీ అండీ" అన్నాను చివరికి.

"సరేలే" అన్నారు. కొంచెం దూరం వెళ్లాక, "ఆకలేస్తోంది, దోశ తిందామా?" అన్నారు. తిన్నాం. పూర్తిగా మామూలవడానికి ఇంకొన్ని వారాలు పట్టింది. ఇప్పటికీ ఏదైనా రాసిమ్మంటే, "వై లేకుండా రాయమంటావా?" అంటారు. సరదాకే అంటారనుకుంటాను.

టెనెసీ టీచర్‌కి క్షమాపణ చెప్తూ మెసేజ్ పెట్టాను. పర్వాలేదన్నాడు. "మరి ఆ రెండోది ఎవరిది?" అని అడిగాడు. దానికి జవాబివ్వలేదు. ఆయన ఏమనుకున్నాడో ఏమో.

మొన్న గ్రూపులో ఎవరో కొత్తతను ఒక ఫోటో పెట్టాడు. అదే పిచర్, నీలం ఇంకు, వై కింద గాలం. వాళ్ల నాన్న చిన్నప్పుడు తెప్పించుకున్నదట. "ఇది అసలుదేనా? ఎవరైనా చెప్పగలరా?" అని అడిగాడు. కింద ఇద్దరు ముగ్గురు అప్పుడే నకిలీ అని రాసేశారు, నేనైతే ఎంత నమ్మకంగా రాసేదాన్నో అంత నమ్మకంగా. చాలాసేపు ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చున్నాను. చివరికి, "ఆ రోజుల్లో ఆయన దగ్గర్నుంచి తపాలాలో వచ్చినవి ఇలాగే ఉంటాయి. జాగ్రత్తగా దాచుకోండి" అని రాశాను. అందులో అబద్ధమేమీ లేదు.

క్షణంలో కింద ఇంకొకరి ప్రశ్న వచ్చింది. "అంత గట్టిగా మీరెలా చెప్పగలరు?"

నా మాట నమ్మండి అని రాద్దామనుకున్నాను. అలా రాసినవాళ్లని ఇన్నేళ్లూ నేనేమనుకునేదాన్నో గుర్తొచ్చి, ఫోన్ పక్కన పెట్టేశాను.